నిమ్మచెక్క అన్ని మరకలకూ మందు కాదు

ఏ మరకనైనా నిమ్మచెక్క వదలగొడుతుందని మీ వ్యాసం చెప్పింది. తుప్పు మరక విషయంలో అది నిజమే. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టి కరిగిస్తుంది. పసుపు సంగతి వేరు. సబ్బు తగిలి ఎర్రబడిన పసుపు మరక నిమ్మరసం పడగానే మళ్లీ పచ్చబడుతుంది. ఎరుపు పోయిందే గానీ పసుపు నూలులోనే ఉంటుంది, దాన్ని వెలిసేలా చేసేది ఎండ. నూనె మరకకైతే సబ్బే గతి. సహజమైనదే కదా, హాని ఏముందంటారా? రంగు చీర మీద పిండితే ఆ మేర రంగు వెలిసిపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, బట్టల బ్లీచింగ్ ద్రావణంలో నిమ్మరసం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంటింటా చదివే పత్రిక ఈ ఒక్క హెచ్చరికా వదిలేయడం తప్పు. వచ్చే సంచికలో పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక గృహిణి, తెనాలి