పాత కంప్యూటరు - కొత్త పరుగు

పరుగెత్తి పాలు త్రాగడం కంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలని మన పెద్దల మాట. ఈ మాట వినగానే యువకులు చిరునవ్వు నవ్వుతారు. పాలు దొరికే చోట నీళ్ళతో ఎందుకు సరిపెట్టుకోవాలని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయినను, మా తెలుగు శాఖలోని పాత కంప్యూటరు మాకు నేర్పిన ఒక పాఠాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ ముందు ఉంచదలచినాము.

ఆ కంప్యూటరులోని ప్రాసెసర్ ఇంటెల్ కోర్ 2 డ్యూయో ఇ8400. 2008లో వెలువడిన రకం. మదర్‌బోర్డు ఇచ్చే 333 మెగాహెర్ట్జ్‌ల గడియారాన్ని 9 రెట్లు చేసుకొని అది 3 గిగాహెర్ట్జ్‌ల వేగంతో పని చేస్తుంది. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి బయోస్‌లో ఆ 333ను 400 చేసినాడు. వోల్టేజిని పదవ వంతు పెంచినాడు. వేగం 3.6 గిగాహెర్ట్జ్‌లకు చేరినది. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇదే.

కొన్నాళ్ళు అందరూ సంతోషించినారు. ఎండలు ముదిరిన పిదప యంత్రం తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలు కాసాగినది. ఒకనాడు ఈ సంచిక కొరకు టైపు చేసిన వ్యాసం తెరవబోతే తెరుచుకోలేదు. ప్రాసెసర్ కాలిపోయినదని కొందరు, విద్యార్థిని దండించవలెనని మరికొందరు అన్నారు. ఈ రెండు తీర్పులూ విచారణకు ముందే వెలువడినవి. మేము ఆ విద్యార్థినే పిలిచి యంత్రం ముందు కూర్చుండబెట్టినాము.

అతడు మొదట విద్యుత్తు తీగ తొలగించి, మదర్‌బోర్డుపై ఉన్న బిళ్ళ బ్యాటరీని తీసి కొంతసేపటికి మళ్ళీ పెట్టినాడు. దానితో మార్పులన్నీ చెరిగి యంత్రం తన సహజ వేగానికి వచ్చినది. అయినను అది ఆగడం మానలేదు! విప్పి చూడగా హీట్‌సింక్ రెక్కల నిండా దుమ్ము; ప్రాసెసర్‌పై పూసిన థర్మల్ పేస్టు ఎండి పొడి అయినది. శుభ్రం చేసి కొత్త పేస్టు పూయగా ఆ జబ్బు కుదిరినది. ప్రాసెసర్ వ్యయం చేసే విద్యుత్తు వేగాన్ని అనుసరించి, వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం ఐదవ వంతు, వోల్టేజి పదవ వంతు పెరిగితే వేడి సుమారు 45 శాతం హెచ్చుతుంది. దుమ్ము పట్టిన ఫ్యాను ఆ భారం ఎట్లు మోయగలదు?

మళ్ళీ 400 పెట్టి, మెమ్‌టెస్ట్‌తో రాత్రంతా పరీక్షించగా మెమొరీలో తప్పులు బయటపడినవి. గడియారం పెంచినప్పుడు మెమొరీ వేగమూ 800 నుండి 960కి పెరిగినదన్న మాట! మెమొరీ నిష్పత్తిని తగ్గించి 800కు తేగానే తప్పులు మాయమైనవి. నింద పడిన ప్రాసెసర్ నిర్దోషి.

అప్పుడు ఆ విద్యార్థి, "ఇక 3.6 వద్దనే ఉంచుదామా సార్?" అని అడిగినాడు. వద్దన్నాము. ఎందుకంటే ఆగిపోయే యంత్రం కంటె ఆగకుండా తప్పు చేసే యంత్రం ప్రమాదకరం. తాటాకు చిరిగితే కంటికి కనబడుతుంది. లేఖకుడు తొందరలో మార్చిన అక్షరం తరతరాలు సాగుతుంది. ఒక రాత్రి పరీక్షలో నెగ్గినంత మాత్రాన మరుసటి వేసవిలోనూ నెగ్గునని పూచీ లేదు. పదిమంది వ్రాతలను దాచే యంత్రంపై ప్రయోగం తగదు.

అట్లని ప్రయోగమే వద్దని మా అభిప్రాయం కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ను 300 నుండి 450 మెగాహెర్ట్జ్‌లకు పరుగెత్తించి ఎందరో యువకులు కంప్యూటరు లోగుట్టు నేర్చుకొన్నారు. కనుక కమిటీవారికి మా మనవి: మూలపడిన కంప్యూటరు నొకదానిని విద్యార్థుల ప్రయోగాలకు విడిచిపెట్టండి. ప్రతి యంత్రం ప్రక్కన ఒక నోటుపుస్తకం ఉంచండి. విద్యార్థులకు మా మాట: ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి; చేసినది వ్రాయండి; పరీక్షించిన పిదపనే ముందుకు సాగండి.

పోయిన ఆ వ్యాసాన్ని ఆ విద్యార్థే మళ్ళీ టైపు చేసి ఇచ్చినాడు. దండన అవసరం లేకపోయినది.