మన శరత్తులో ఆకులు రాలవు

అక్టోబరు మాసంలో పాతబస్తీలోని ఒక ప్రైవేటు పాఠశాలవారు ఎల్‌కేజీ పిల్లలకిచ్చిన ఇంటిపని ఇది: నారింజరంగు కాగితాన్ని కొమ్ముల ఆకులుగా కత్తిరించి, ఎండిన చెట్టు బొమ్మ క్రింద అంటించి, పైన 'ఆటమ్ సీజన్' అని వ్రాసి తీసుకొని రావలెను. ఆ ఆకు మేపుల్ చెట్టుది. ఆ చెట్టును పిల్లలు చూడలేదు, పంతులమ్మ చూడలేదు, రాత్రి పదింటికి కూర్చుని ఆ పని చేసిపెట్టిన తల్లి అంతకన్నా చూడలేదు. (పిల్లవాడు అప్పటికే నిద్రపోయాడు. చేతిపనిలో ఎవరి చేయి ఉన్నదనే ప్రశ్నను ప్రస్తుతానికి ప్రక్కన పెడదాం.)

సరిగ్గా ఆ రోజుల్లోనే లాల్‌దర్వాజ, గౌలిపురా సందుల్లోకి తంగేడు, గునుగు, బంతి బుట్టలతో దిగుతున్నాయి. ఆశ్వయుజ కార్తికాలు మనకు శరత్తు. మన శరత్తులో ఆకులు రాలవు. నాలుగు నెలల వాన త్రాగిన చెట్టు నిండుగా నిలిచే కాలమది. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘఫాల్గుణాలలో. ఫిబ్రవరి చివర ఏ వేపచెట్టు క్రిందనో, రావిచెట్టు క్రిందనో పిల్లలను కూర్చోబెడితే రాలిన ఆకులు కత్తెర అవసరం లేకుండానే ఒడిలో పడతాయి. ఆ సమయానికి బడిలో 'స్ప్రింగ్' అని చెప్పి స్పాంజితో తులిప్ పూలు చేయిస్తూ ఉంటారు.

ఇది చిన్న విషయమని కొందరు మిత్రులు అంటారు. నాకు అలా తోచదు. నాలుగేళ్ల వయసువాడికి ఆ కాగితం నేర్పుతున్నది కత్తిరించడం కాదు. నీ కిటికీలో కనబడేది లెక్కలోకి రాదు, అచ్చులో ఉన్నదే నిజం అని నేర్పుతున్నది. దాని ఫలితాన్ని నేను ముప్పయ్యేళ్లకు పైగా పై తరగతుల్లో అనుభవించాను. శరద్వర్ణన చెప్పబోతే "శరత్తంటే ఆకులు రాలే కాలం కదా సార్" అని నన్ను దిద్దిన తొమ్మిదో తరగతి పిల్లలున్నారు. మా బడి ఆవరణలోని చెట్టు వారి కళ్లెదుటే పచ్చగా ఉన్నది. దాన్ని చూసి అనుమానపడాలన్న ఊహ కూడా వారికి రాలేదు.

ఇప్పుడు దీనికి తోడు 'సెన్సరీ ప్లే' వచ్చింది. తెలుగులో 'ఇంద్రియక్రీడ' అందామనుకున్నాను గాని, ఆ మాట వెతుక్కుంటూ రాకూడని పాఠకులు ఇటు వస్తారేమోనని మానుకున్నాను. స్పర్శ, వాసన, చప్పుడు, రంగులతో పసివారిని ఆడుకోనివ్వడమని దాని భావం. భావంతో నాకు పేచీ లేదు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గరుకు కాగితపు అక్షరాల మీద పిల్లల వ్రేలు నడిపించడం ఆమె పద్ధతుల్లో ఒకటి. మన వీధిబడిలో ఇసుక పరచి అదే వ్రేలితో ఓనమాలు దిద్దించారు. (ఆ బడిలోని కోదండం శిక్షను మాత్రం ఎవరూ పునరుద్ధరించనక్కరలేదు.) గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, మాంటిస్సోరి భావాలను గుజరాతీ పిల్లల కథలతో, ఆటలతో కలుపుకున్నాడు. కాబట్టి అది పరాయిది, ఇది మనది అని గోడ కట్టడం నా ఉద్దేశం కాదు. నా పేచీ అంతా డబ్బాతో.

డబ్బాలో రంగు పూసిన ఇసుక ఉంటుంది, ప్లాస్టిక్ ఆకులుంటాయి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగుపూసలు కొన్నింటిలో ఉంటాయి. ఆ పూసలు మింగిన పసివారికి అవి కడుపులో ఉబ్బి ప్రేగులకు అడ్డుపడ్డ సంఘటనల తరువాత, 2023 చివర అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ సంస్థలు వాటిని పిల్లల ఆటవస్తువులుగా అమ్మడం మానుకుంటామని ప్రకటించాయి. ఇంట్లో మట్టి ముట్టుకుంటే చేయి కడిగించే తల్లిదండ్రులే ఆ పూసలను పళ్లెంలో పోసి ముందు పెడతారు, పొట్లం మీద 'సేఫ్' అని ఉన్నది కనుక.

ఈ విషయంలో ప్రభుత్వపు కాగితం అంగడి కంటె నయం. 2022 అక్టోబరులో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం స్థానికంగా దొరికే వస్తువులతో ఆడిస్తూ నేర్పమనే చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ మూడు నుండి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 'జాదుయీ పిటారా' అనే పెట్టెను విడుదల చేసింది. పెట్టెలోనివి మంచివే కావచ్చు. అయితే బడికి పెట్టె వస్తే ఏమవుతుందో ఉద్యోగం చేసినవారికి తెలుసు. పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తనిఖీ అధికారి వచ్చిననాడు తీస్తారు.

తాళం వేయనక్కరలేనివి మన చుట్టూ ఉన్నాయి. వినాయకచవితి పత్రినే చూడండి. ఉత్తరేణి కంకి బట్టను పట్టుకొని వదలదు. రేగు గీరుతుంది. మాచిపత్రి, మరువం నలిపితే వాసన చేతిని సాయంత్రం దాకా అంటిపెట్టుకొని ఉంటుంది. గరిక మెత్తగా కనిపించి అంచున కోస్తుంది. కళ్లకు గంత కట్టి ఆకును తడిమి పేరు చెప్పమంటే పిల్లలు గంటసేపు కదలరు. ఆటలో వచ్చిన పేరు మరిక పోదు. ఇంట్లో ఉర్దూ తప్ప వినని పిల్లలు నా దగ్గర 'ఉత్తరేణి' అనే మాటను అది తమ చొక్కాకు అంటుకున్న రోజున నేర్చుకున్నారు. ప్రకృతి అంతా అమాయకమని మాత్రం నేను అనను. జిల్లేడు పాలు కంటికి చేటు. ఉమ్మెత్త, గన్నేరు విషం; అందరూ ముచ్చటపడే గురివింద గింజ మరీ విషం. వాటిని ఏరి ప్రక్కన పెట్టే పెద్దదిక్కు దగ్గర ఉండవలసిందే. ఆ ఏరడం తెలిసినవారు తగ్గిపోతూ ఉండడమే నా భయం.

బొడ్డెమ్మ సంగతి చూడండి. భాద్రపద బహుళ పంచమి నుండి, బతుకమ్మకు ముందు, తెలంగాణ ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి, తడిపి, పిసికి, అంతస్తులుగా పేర్చి, పూలు గుచ్చి చుట్టూ ఆడేవారు. ఇంతకు మించిన 'సీజనల్ క్రాఫ్ట్' ఏ పుస్తకంలో ఉన్నది? 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. బొడ్డెమ్మకు ఏమీ దక్కలేదు. అది పిల్లలది, మట్టిది, పైగా ఆడపిల్లలది. మగపిల్లవాడిని ఆ మట్టి దగ్గరికి చేర్చని ఆచారాన్ని నేను వెనకేసుకురాను. బడిలో ఆ అడ్డు తీసేయవచ్చు.

వేసవిలో ముంజలు తీసిన తాటికాయలు రెండింటికి పుల్ల గుచ్చి పంగలకర్రతో తోస్తే బండి. ఆ కాయలు మన బజార్లలో గుట్టలుగా పడి, మరునాడు చెత్తబండి ఎక్కుతాయి. చింతపిక్కను బండమీద అరగదీస్తే ఒక ప్రక్క తెల్లబడి పాచిక అవుతుంది, వేడెక్కి ప్రక్కవాడి మోచేతికి చురక అవుతుంది. ఫాల్గుణంలో మోదుగుపూలు మరిగిస్తే రంగు.

పాతబస్తీలో మన్నెక్కడిదని అడుగుతారు. నిజమే, వానకు మురుగు పొంగే సందుల్లో మన్ను తీయమని ఎవరంటారు? కుండలు చేసేవారి దగ్గర తట్టెడు మట్టి కొనవచ్చు. ఇవన్నీ హిందువుల పండుగలు కదా అనేది మరో అభ్యంతరం. పూజ ఇంటిది, ఆకు అందరిది. ఆషాఢంలో ఒక ఇంట రుబ్బే గోరింటాకే చాంద్‌రాత్ నాడు మరో ఇంట చేతికెక్కుతుంది. మూడవ అభ్యంతరాన్ని ఎవరూ పైకి చెప్పరు: మట్టి పని తక్కువ పని, మా బాబు చేయవలసినది కాదు. కుమ్మరిని, రైతును చూసినప్పుడు కలిగే ఆ చిన్నచూపే 'క్రిములు' అనే మర్యాదైన మాటను కప్పుకొని వస్తున్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను. క్రిములకైతే సబ్బు ఉన్నది.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలిచ్చింది. హెచ్‌ఎండీఏ కొన్నేళ్లుగా మట్టి వినాయకులను ఉచితంగా పంచుతూ వచ్చింది. చెరువుకు అది మేలే. కాని అచ్చులో తయారైన ప్రతిమను చేతిలో పెడితే పిల్లవాడికి దక్కేది మరొక వస్తువు. ప్రతిమకు బదులు బడికి మట్టి పంపండి, తలకొక ముద్ద. గణపతిని చేసేవాడు గణపతిని చేస్తాడు. ఒకడు ఏనుగుతో ఆపేస్తాడు. ఒకడు చార్మినారు మొదలుపెడతాడు, నాలుగో మినారు నిలబడదు, మళ్లీ పిసుకుతాడు.