పేరు వ్రాయుటకు ముందు

గతసంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున పాతవస్తువుల ప్రదర్శన మొకటి యేర్పాటు చేసితిమి. ఇత్తడి చెంబులు, తాటాకు పుస్తకములు, నాణెములు, తాతలనాటి ఛాయాపటములు బల్లలమీద పేర్చి, ప్రతిదాని క్రింద నొక చీటి వ్రాసి పెట్టితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన ముత్తాతగారి పటము తెచ్చినది. అందు పొట్టిలాగులు తొడిగిన నలుగురు యువకులు ఒక యుద్ధవిమానము ముందు నిలిచియున్నారు. ఎడమనుండి రెండవవాడు ముత్తాత. రెండవ ప్రపంచయుద్ధకాలమున బర్మా సరిహద్దున విమానములు బాగుచేయువారిలో ఆయన యొకడని యింటివారు చెప్పుకొందురు. విమానమేదో వారికి తెలియదు. మేము పటము నటునిటు త్రిప్పి చూచి, "హైదరాబాదు స్క్వాడ్రనువారి స్పిట్‌ఫైరు" అని గుండ్రని యక్షరములతో చీటి వ్రాసితిమి.

మఱునాడు వైమానికదళమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గొన్న పెద్దమనిషి యొకరు ప్రదర్శన చూడవచ్చి, ఆ బల్లయొద్ద చాలసేపు నిలిచి, మెల్లగా మమ్ము పిలిచెను. "మాస్టారుగారూ, చక్రముల నడుమ పొట్టక్రింద వ్రేలాడుచున్నదానిని ఒక్కసారి చూడుడు. ఇది హరికేను" అనెను. పిల్లలు వినుచుండిరి. మాకు తల యెత్త బుద్ధికాలేదు.

ఆయన వెళ్లిన తరువాత భూతద్దము తెచ్చుకొని కూర్చుంటిమి. హరికేనును స్పిట్‌ఫైరును వేఱుచేయుట బ్రహ్మవిద్య కాదు. రెండును ఒకే కాలపు ఇంగ్లీషు విమానములు. రెంటికిని ఇంజను మెర్లినే. రెంటిలోను కూర్చుండువాడు ఒక్కడే. కావున ముక్కు చూచి మోసపోవచ్చును. కాని హరికేనుకు రేడియేటరు శరీరముక్రింద సరిగా నడుమను పెట్టెవలె వ్రేలాడును. స్పిట్‌ఫైరుకు అది రెక్కలక్రింద నుండును. హరికేను కాళ్లు ఎడముగా నిలిచి లోపలికి ముడుచుకొనును. స్పిట్‌ఫైరు కాళ్లు దగ్గరదగ్గరగా నిలిచి వెలుపలికి ముడుచుకొనును. హరికేను వీపు మూపురమువలె లేచియుండును. దాని వెనుకభాగము లోహపుగొట్టముల చట్రముమీద కఱ్ఱబద్దలు పేర్చి గుడ్డ తొడిగినది గనుక, ఏటవాలు వెలుతురు పడినపుడు బద్దలు పక్కటెముకలవలె పైకి కనబడును. స్పిట్‌ఫైరు ఒడలంతయు లోహపు రేకు, నున్నగా నుండును. స్పిట్‌ఫైరు రెక్క ఆకువలె కొసదేఱి యుండునను గుర్తు అందఱు నెఱిగినదే గాని, ఎదుటనుండి తీసిన పటమున అది కనబడనే కనబడదు. మా పటమున పొట్టక్రింది పెట్టె కలదు, ఎడమైన కాళ్లు కలవు, తోకవైపున ఎముకలు కలవు. ఇన్నియు మొదటినుండియు అక్కడనే యున్నవి. మేము చూడలేదు.

ఎందుకు చూడలేదు? కన్ను మసకబారి కాదు. కోరిక ముందు నడచినందున. నిజాము పేరు మోయు స్క్వాడ్రనొకటి బర్మాయుద్ధమున స్పిట్‌ఫైరులతో పోరాడెనని మేము చదివియుంటిమి. అది నిజమే. బ్రిటిషు వైమానికదళపు 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు కలదు. దాని ముద్రలో నిజాముగారి తలపాగా కలదు. ముత్తాతగారిది బర్మా; మనది తెలుగుదేశము; ఇక సందేహమేల యనుకొంటిమి. ఆ స్క్వాడ్రను తన విమానములమీద యు, ఎం అను రెండక్షరములు వ్రాసెడిదనియు, బర్మాలో వలయచిహ్నము మీదుగా దుముకు నల్లచిఱుతను చిత్రించెడిదనియు తరువాత తెలిసికొంటిమి. మా పటమున చిఱుతయు లేదు, అక్షరములును లేవు.

మా యభిప్రాయ మేమనగా, పాత పటమునకు పేరు చిట్టచివర వ్రాయవలసినది. ముందు కనబడినవి వరుసగా వ్రాసికొనవలెను: రెక్కలెన్ని, ఇంజనులెన్ని, పంకాకు రేకులెన్ని, చక్రము ముక్కుక్రింద నున్నదా తోకక్రింద నున్నదా, తోకమీద నేమున్నది. అవి పూర్తియైన పిదపనే పేరు. మనవారు దీనిని తలక్రిందులు చేసి, ముందు పేరుపెట్టి, దానికి సరిపడు గుర్తులు వెదకుదురు. వెదకినవానికి దొరకకుండునా!

ఇంతకంటె చిక్కైన యుదాహరణ మొకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను సొమ్ముతో 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్. 9ఏ అను బాంబు విమానములు సమకూడినవి. అవి 1918 సెప్టెంబరులో ఫ్రాన్సుకు చేరినవి. నిజాముగారి కానుక యని వానిమీద వ్రాసియుండెను. ఈ కథ తెలిసినవారు రెండంతస్తుల రెక్కలుగల ప్రతి విమానమును నిజాము విమాన మనుచున్నారు. ఆ వంశమున అన్నదమ్ములు ముగ్గురు: డి.హెచ్. 4, డి.హెచ్. 9, డి.హెచ్. 9ఏ. మొదటిదానికిని మూడవదానికిని ముక్కున మోటారుకారువలె నిలువు రేడియేటరు కలదు. నడిమిదానికి ముక్కు కోసుగా నుండి, ఇంజను తలలు పైకి పొడుచుకొని కనబడును. మఱి మొదటిదానిని మూడవదానిని వేఱుచేయుట యెట్లు? కూర్చున్న మనుష్యులను చూడవలెను. డి.హెచ్. 4లో నడుపువానికిని వెనుకనున్న తుపాకివానికిని నడుమ పెద్ద పెట్రోలుతొట్టి యుండుటచే ఒకరిమాట యొకరికి వినబడనంత దూరము. డి.హెచ్. 9ఏలో ఇద్దఱును వీపు ప్రక్కన వీపుగా కూర్చుందురు. ఇన్ని చూచి ఇది 9ఏ యని తేల్చినను నిజాము విమాన మనరాదు. అదే రకము 1920లలో భారతదేశపు వాయవ్య సరిహద్దున బహుకాలము పనిచేసెను. అవి ఆ కానుకలోనివి కావు.

కానుకలోని విమానమొకటి నేటికిని మిగిలియున్నది. ఎఫ్ 1010 అను సంఖ్యగలది, 1918 అక్టోబరు 5న జర్మనులకు చిక్కెను. బెర్లినులో ప్రదర్శనకు పెట్టబడి, రెండవ యుద్ధమున పోలెండుకు తరలింపబడి, 1977లో లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమునకు చేరెను. ఇన్ని దేశములు తిరిగినను అది ఫలానా విమానమని చెప్పగలుగుచున్నారన్న, అది దాని సంఖ్యవలననే. పటములలో తోకయొద్ద చిన్నగా కనబడు ఆ యక్షరమును అంకెలును విమానపు ముఖముకంటె విలువైనవి.

రంగులనుగూర్చి యొకమాట. ఈ దినములలో పాత పటములకు కంప్యూటరుచేత రంగులు వేయించుట వేడుకగా నున్నది. వేడుకకైనచో వేయించుకొనవచ్చును, సాక్ష్యముగా వాడరాదు. పూర్వపు ఫిల్ములు కొన్ని ఎఱ్ఱని వెలుతురును గ్రహింపవు. వానిలో ఎరుపు నలుపుగాను నీలము తెల్లగాను పడును. పైగా బర్మారంగమున బ్రిటిషు, భారతీయ విమానముల వలయచిహ్నమునుండి ఎరుపును తీసివేసిరి. జపానువారి విమానములమీద ఎఱ్ఱని గుండ్రము గలదు గనుక, తమవారినే తాము కాల్చుకొందురను భయముచేత. మా పటమును రంగులలో చూడగోరి ఒక విద్యార్థి కంప్యూటరుకిచ్చెను. అది వలయము నడుమ చక్కగా ఎఱ్ఱబొట్టు పెట్టి యిచ్చినది! అసలు పటమున నడుమ తెల్లని చుక్క, చుట్టును నల్లని వలయము స్పష్టముగా కలవు. పటము యుద్ధపు రెండవభాగమున తీసినదని చెప్పుటకు మాకున్న ఆధారము ఆ చుక్క యొక్కటే. రంగు దానిని తుడిచిపెట్టినది.

ఒక విమానము పేరు తప్పినంతమాత్రమున కొంపలు మునుగునా యని సహోపాధ్యాయు లొకరు నవ్విరి. అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను ప్రతి సంవత్సరము పిల్లలకు వల్లింపించువారము మేము. ఆ ఆజ్ఞ బ్రదికినవారికే గాని చచ్చినవారికి వర్తింపదని యెచ్చటను లేదు. హరికేను అందము తక్కువది, నడక నెమ్మది. స్పిట్‌ఫైరుకున్న కీర్తి దానికి లేదు. కాని బర్మారంగమున భారత వైమానికదళపు స్క్వాడ్రనులు పెక్కు దానితోనే పోరాడినవి. 1944లో ఇంఫాలునొద్ద అర్జన్ సింగు నాయకత్వమున 1వ స్క్వాడ్రను నడపినవి హరికేనులే. ఆ నలుగురు యువకులు మనవారి దళమున నుండిరో, బ్రిటిషువారి దళమున నుండిరో పటము చెప్పదు. బ్రిటిషువారికిని హరికేనులు కలవు. ఒకవేళ మనవారి దళముననే యుండినచో, మేము గౌరవించుచున్నామనుకొని ఆయనను తనవారినుండి తీసి పరుల వరుసలో నిలిపితిమి.

ఈ సంగతి ఆ బాలికతో చెప్పుట మాకు కష్టమైనది. అప్పటికే ఆమె యింట నాయనమ్మగారు ఇరుగుపొరుగువారికెల్ల స్పిట్‌ఫైరు అని చెప్పియుండిరి. బాలిక కాసేపు ఊరకుండి, "అయితే మాస్టారూ, తాతగారు అక్కడ ఉన్నది నిజమే కదా?" అని యడిగినది. అది నిజమే యంటిమి.

ఇండ్లలో ఇట్టి పటములున్న విద్యార్థులకు మా విన్నపము: చట్రమునకు సరిపడలేదని అంచులు కత్తిరింపకుడు, సంఖ్యలు తఱచుగా అంచులనే యుండును. గోందుతో అట్టకు అంటింపకుడు. వెనుకవైపు పెన్సిలుగీతలున్నచో చెరపకుడు. పెద్దవారు బ్రదికియుండగనే అడుగుడు, చెప్పినది చెప్పినట్లే తేదీతో వ్రాసికొనుడు; మీరు ఊహించినది వేఱు కాగితముమీద వ్రాయుడు.

ఈ సంవత్సరపు ప్రదర్శనలో ఆ పటము మరల నుండును. క్రొత్త చీటి బాలికయే వ్రాసినది: "హరికేను. బర్మారంగము అని యింటివారి మాట. వలయచిహ్నమున ఎరుపు లేదు. స్క్వాడ్రను తెలియదు. స్థలము తెలియదు. ఎడమనుండి రెండవవారు మా ముత్తాతగారు." తక్కిన మువ్వురి పేళ్లకు క్రింద మూడు గీతలు ఖాళీగా విడిచినది.