ప్రేమించనోనికి నవ్వే హక్కెక్కడిది?

జనగామ బస్టాండు దగ్గర, మహబూబాబాద్ రైల్వే స్టేషన్ బయట, భూపాలపల్లిలో బొగ్గు బాయి షిఫ్టు దిగినోళ్లు కూడే చాయ్ హోటల్ల ముందట ఇదే మాట వింటున్నాను. ఒక పిలగాడు నాలుగు దినాలు గడ్డం గీసుకోకుంటే చాలు, "ఏందిరా దేవదాసూ, పిల్ల హ్యాండిచ్చిందా?" అంటారు. పక్కనున్నోళ్లు పగలబడి నవ్వుతారు. వాని ఫొటోకు ఏడుపు పాట తగిలించి స్టేటస్ పెడతారు. 1953లో అక్కినేని దేవదాసును చూసి కండ్లు తుడుచుకున్న తాతల మనవలే ఇయ్యాల ఆ పేరును తిట్టుగా వాడుతున్నారు.

నవ్వేటోళ్లను సూటిగా అడుగుతున్నా. ఒక మనిషి కోసం ఎన్నడన్నా తిండి సయించక పడుకున్నారా? ఫోన్ మోగితే గుండె ఆగినంత పనైందా? కాలేదంటే నోరు ముయ్యండి.

ప్రేమలో కుమిలేటోళ్లను ఎట్ల చూడాలో మన దిక్కు కథే చెప్తది. పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది, పోతన ఊరు. ఆయన తెలుగు చేసిన భాగవతంలో ఉద్ధవుడు బృహస్పతి దగ్గర చదువుకున్న జ్ఞాని. కృష్ణుడు పంపితే వ్రేపల్లె పోయాడు. అక్కడ కృష్ణుని ఎడబాటుతో కుమిలే గోపికలు తుమ్మెదతో తమ గోడు చెప్పుకుంటున్నారు. విరహమంటే ఎరుగని ఆ పండితుడు వాళ్లను పిచ్చోళ్లనలేదు. నెలల తరబడి వాళ్ల నడుమే ఉండి, ఆ ప్రేమకు మొక్కి తిరిగొచ్చాడు. ఆ కథ పుట్టపర్తిలోనో కాశీలోనో కాదు, మన దిక్కు మట్టిలో తెలుగైంది. మనకే సిగ్గు లేకపోతే ఎట్లా?

మన దిక్కు ఎన్నో ప్రేమలు కులం కాడ తెగుతాయి. తెంపినోళ్లను పల్లెత్తు మాటనరు, తెగినోళ్లను చూసి నవ్వుతారు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో దళిత యువకుడు ప్రణయ్‌ను గర్భిణి అయిన భార్య కండ్ల ముందే నరికి చంపారు. ఆ తర్వాత ఏండ్ల తరబడి ఆమెనే బజారుకీడ్చి బూతులు తిట్టారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆమెను తిట్టిన నోళ్లకు శిక్ష ఎవరు వేస్తారు?

వద్దన్న పిల్ల వెంటపడి వేధించేటోని సంగతి వేరు. వాణ్ని పోలీసులకు పట్టియ్యండి. నేను చెప్పేది ఎవరినీ ఏమీ అనక లోపల్లోపల కుమిలేటోళ్ల గురించి.

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, నూటికి నాలుగున్నర మంది చావుకు ప్రేమ వ్యవహారమే కారణమని జాతీయ నేర గణాంకాల సంస్థ రాసింది. వేల ప్రాణాలవి. ఇది తెలిసీ నవ్వేటోడు దోస్తెట్లయితడు?

నీ దోస్తు మనసు విరిగి కూసుంటే పక్కన కూసో, చెప్పింది విను, అన్నం తినిపియ్యి. రాత్రి ఒంటరిగా వదలకు. మాట తేడాగా అనిపిస్తే 14416కు ఫోన్ కలిపి ఇయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వానిది. పైసా ఖర్చు లేదు, ఏ యాళ్లనైనా పలుకుతారు.