గోదావరి గట్టు నుంచి ఖరగ్‌పూర్ దాకా

కార్తీక పౌర్ణమి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్లు ముంగిట దీపాలు పెట్టే ఆ రోజునే సిక్కులకు గురునానక్ జయంతి. అంతకు ముందే గురుద్వారాలో గురు గ్రంథ్ సాహిబ్‌ను 48 గంటలు ఆపకుండా చదివే అఖండ పాఠం మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే పెంచిన ఈ ఊరికి మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే ఈ సిక్కులు. ఇరుగుపొరుగుగా తరాలు గడిచాయి. అయినా వాళ్ల గుడి కథ మనలో ఎందరికి తెలుసు?

ఆ కథకూ మనకూ చుట్టరికం ఉంది. గురు గోవింద్ సింగ్ 1708లో తన తర్వాత ఇక గ్రంథమే గురువని ప్రకటించింది నాందేడ్‌లో, మన బాసరకు ఎగువన, గోదావరి గట్టున. 1604లో గురు అర్జున్ దేవ్ కూర్చిన ఆ గ్రంథంలో, మన భజన గోష్ఠులు పాడుకునే అష్టపదుల కర్త జయదేవుడి పేరిట రెండు పదాలున్నాయి. 1699లో ఆనంద్‌పూర్‌లో తల ఇచ్చేదెవరని గురు గోవింద్ సింగ్ అడిగితే లేచి నిలబడిన అయిదుగురిలో ఒకరిది పూరీ, ఒకరిది బీదర్ అని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. పూరీకి వెళుతూ గురునానక్ ఆగారని చెప్పే చంద్రకోణ కూడా మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిదే.

ఇక లంగరు, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం. చెప్పులు విడిచి, తలకు గుడ్డ కట్టుకుని, నేల మీద బారుగా కూర్చోవాలి. రొట్టె వస్తే రెండు చేతులూ చాచి అందుకోవాలి. పప్పు ఎంత అడిగితే అంత పోస్తారు. పిండి పిసికేవారు, అంట్లు తోమేవారు, చెప్పులు కాసేవారు అందరూ సేవకు వచ్చినవాళ్లే. హోదాను బట్టి క్వార్టర్లు పంచే రైల్వే ఊళ్లో, అధికారీ కలాసీ ఒకే బంతిలో తినగలిగే చోటు ఇది. కులం గీతలు ఇంకా చెరగని మన సమాజం దీన్ని దగ్గరి నుంచి చూడాలి.

ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్ర రాయాలనుకునేవారు మన గుళ్లు, బళ్లు, సంఘాలతోనే ఆగకూడదు. వర్క్‌షాపులో సర్దార్జీల పక్కన పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడగండి, రాసి పంపండి, ఈ పత్రిక అచ్చువేస్తుంది. ఈ పౌర్ణమికి దీపాలు పెట్టాక పిల్లల్ని గురుద్వారాకు తీసుకెళ్లండి. బంతిలో కూర్చుని తిననివ్వండి, లేచి నలుగురికీ వడ్డించనివ్వండి.