వెండ్రుకలు పెఱుకుకొను అలవాటు

కొందఱు బాలికలు చదువుకొనుచునో, ఊరక కూర్చుండియో, తలలో వ్రేళ్లుంచి యొక్కొక్క వెండ్రుకనే వెదకి పెఱుకుచుందురు. కొందఱు కనుబొమలను, ఱెప్పవెండ్రుకలను గూడ విడువరు. జడ వేయునప్పుడు పాపట ప్రక్కన రూపాయి బిళ్లంత బోడి కనబడగా, పేనుకొరుకుడని యొకరు, గాలి సోకినదని యొకరు, పొగరని యొకరు అందురు.

పేనుకొరుకుడైనచో మచ్చ సాధారణముగా నున్నగా నుండును. పెఱికిన చోట పొట్టివియు పొడుగువియునైన తెగిన మొలకలు చేతికి తగులును. ఇది గాలియు గాదు, పొగరును గాదు. 1889లో హలోపో అను ఫ్రెంచి చర్మవైద్యుడు దీనికి ట్రైకోటిల్లోమేనియా యని పేరిడెను. ఇది నూటికి ఒకరిద్దఱికి ఉండునని వైద్యుల అంచనా. 10 మొదలు 13 ఏండ్ల ప్రాయమున నారంభమగుట తఱచు.

పెఱుకుటకు ముందు మనసున నొక తహతహ, పెఱికినంతనే యూరట, పిమ్మట సిగ్గు: ఇదియే దీని నడక. తిట్టినను, చేతిపై కొట్టినను సిగ్గు పెరుగునే గాని యలవాటు పోదు. బిడ్డ దాచుట మాత్రము నేర్చుకొనును. ఇట్లు దాచుకొన్న బాలికలే పెరిగి, సవరముతోను పూలతోను బోడిని కప్పుకొని, అత్తవారింట నెవరికిని చెప్పుకొనలేక కుములుదురు. తిరుమలకు మ్రొక్కి తలనీలా లిచ్చుట భక్తి. దానిని మేము కాదనము. కాని జుట్టు మొలచిన పిమ్మట వ్రేళ్లు మరల నచ్చటికే పోవచ్చును. వైద్యము కావలసినది చేతికిని మనసునకును.

1973లో అజ్రిన్, నన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని ప్రకటించిరి. చేయి యెప్పుడు, ఎచ్చట తలకు పోవుచున్నదో బిడ్డయే గుర్తించి వ్రాసికొనవలెను. పోబోవునంతనే పిడికిలి బిగించి, తహతహ తగ్గువఱకు రెండు మూడు నిముషము లుండవలెను. చదువు వేళ తలకు గుడ్డ చుట్టుకొనుటయు, వ్రేలి కొసలకు పట్టీ వేసికొనుటయు సాయపడును. మన అనంతపుర సీమలో వాన కొఱకు ఆకాశము వంక చూచుచునే విత్తనపు బుడ్డలు ఒలుచుకొందుము గదా! ఆ పనికి రెండు చేతులును కావలెను. సాయంకాలము చేటను నడుమ నుంచుకొని బిడ్డతో గూడ మీరును ఒలువుడు. అది తోడు కావలెను గాని శిక్ష కారాదు. నాలుగు దినములు మాని యైదవనాడు మరల పెఱికినచో, ఆ నాలుగు దినములను మెచ్చుకొనుడు.

ఒక సంగతి మాత్రము ఉపేక్షింపరాదు. పెఱికిన వెండ్రుకలను మ్రింగువారు కొందఱు కలరు. అవి యరుగక కడుపులో నుండగట్టి, ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. అట్టి బిడ్డకు కడుపునొప్పి, వాంతులు, ఆకలి లేమి కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇంటి యత్నము చాలనప్పుడు మానసిక వైద్యుని యొద్దకు పోవుటకు జంకవలదు. అది పిచ్చికి గుర్తు కాదు. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యతో ఉచితముగా ఫోను చేసి, తెలుగుననే మాటాడవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ మనకు దూరము గాదు. వెళ్లుటకు ముందు బిడ్డతో, "ఇది నీ తప్పు గాదు తల్లీ, ఇద్దఱము కలిసి మాన్పించుకొందము" అని యొక్క మాట చెప్పుడు.