ఫాలౌట్‌కు ముందు వేస్ట్‌లాండ్
ఫాలౌట్ సిరీస్ చూసి ఆ గేమ్ కోసం వెతుకుతున్న అమలాపురం, రాజోలు కుర్రాళ్లు దానికి మూలమైన వేస్ట్‌లాండ్‌ను ఆడితీరాలి. 1988లో ఇంటర్‌ప్లే తయారుచేయగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసింది. అణుయుద్ధం తర్వాత మిగిలిన అమెరికా ఎడారిలో రేంజర్ల దండును మనం నడపాలి. బొమ్మలు మోటుగానే ఉంటాయి. డిస్కులో చోటు చాలక కథలో చాలా భాగాన్ని విడిగా పుస్తకంలో అచ్చువేసి ఇచ్చారు. ఫలానా నంబరు పేరా చదవమని గేమే చెబుతుంది. దాని అసలు గొప్పతనం మరొకటి. మనం చేసిన పని డిస్కులో నమోదైపోతుంది, మళ్లీ ఆ ఊరికి వెళ్తే దాని ఫలితం అక్కడే ఉంటుంది. ఆ రోజుల్లో అది అరుదు. వేస్ట్‌లాండ్ పేరు మీద హక్కు దక్కక ఇంటర్‌ప్లే 1997లో ఫాలౌట్ తెచ్చింది, కీర్తంతా దానికే పోయింది. ఇది అన్యాయమే. కోనసీమవాళ్లకు వేస్ట్‌లాండ్ ఇంకా లోతుగా తాకుతుందని నా నమ్మకం. ఎందుకంటే 1995 జనవరిలో ఇక్కడి పాశర్లపూడిలో ఓఎన్జీసీ గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి వెళ్లారు. గేమ్‌లు తయారుచేయాలనుకునే ఇక్కడి ఇంజినీరింగ్ పిల్లలు అరిజోనా ఎడారిని అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆ మంట వెలుగులో ఇల్లు వదలాలా, తోటకు కాపలా ఉండాలా అన్న నిర్ణయాన్ని ఆటగాడి చేతికివ్వండి, వెనక్కి తీసుకునే వీలు లేకుండా.